బొట్టు వడియం

దిగపహండిలో ఒకప్పుడు నా చెయ్యి పడనిదే చలికాలం వచ్చేది కాదు. అతిశయం అనుకోకండి. కార్తీకం సగానికి వచ్చి, ఎండ పొడిబారి, ఉత్తరపు గాలి మొదలైందంటే చాలు, వీధి వీధంతా ఆడవాళ్ళు మా గుమ్మం ముందు వరసకట్టేవారు. వాళ్ళ ఇళ్ళ కప్పుల మీద బూడిద గుమ్మడికాయలు ఒళ్ళంతా బూడిద పూసుకుని సన్యాసుల్లా కూర్చుని ఉండేవి. వాటిని ఆడవాళ్ళు దించొచ్చు, కడగొచ్చు, మొదటి వేటు మాత్రం వెయ్యకూడదు. నిండు గుమ్మడికాయ ఇంటి పెద్దకొడుకుతో సమానమని మా తెలుగిళ్ళలోనూ, ఎదురుగా ఉన్న ఒడియా ఇళ్ళలోనూ ఒకటే నమ్మకం. మగచెయ్యి పడాలి. మగవాళ్ళేమో పగలంతా పొలాల్లోనో, బరంపురం పనుల్లోనో ఉండేవారు. మిగిలిన మగవాణ్ణి నేను. తొమ్మిదో పదో ఏళ్ళు నాకు. మచ్చుకత్తి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, ఒక్క వేటుకి కాయని రెండు చెక్కలు చేసి, వాళ్ళిచ్చిన బెల్లంముక్క బుగ్గన పెట్టుకుని పక్కింటికి నడిచేవాణ్ణి.

ఇదంతా నిజమే. కొంచెం సాగదీశాను. ఎంత సాగదీశానో ఈ మార్గశిరంలో మా చెల్లెలు సరసు బరంపురంలో మా ఇంటికి వచ్చినప్పుడు తేలింది. సరసు నాకంటే రెండేళ్ళు చిన్న. దిగపహండిలోనే పెళ్ళయి, అక్కడే పిల్లల్ని పెంచి, అక్కడే ఉండిపోయింది. వచ్చేటప్పుడు తన పెరట్లో కాసిన బూడిద గుమ్మడికాయని బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెచ్చింది.

"దీనికి టికెట్టు అడిగినాడేటే కండక్టరు?" అన్నాను.

"అడగనేదు అన్నియ్యా. నీలాగ కాదు, ఇది దారంతా నోరు మూసుకొని కూకుంది," అంది.

ఇప్పుడెవరు పెడతారు ఇవన్నీ అంటూ మా ఆవిడ అలమరలోంచి సగం వాడిన బజారు వడియాల పొట్లం తీసి, "చూడు సరసూ, ఏమేం వేశారో వెనకాల రాసుంటుంది," అని అందించింది. సరసు దాన్ని అటూ ఇటూ తిప్పి, "కళ్ళజోడు ఇంటికాడ మరిసిపోనాను వదినా," అని, పొట్లంలో ముక్కు పెట్టి వాసన చూసి, "గుమ్మడి నేదు ఇందులో. ఒట్టి బియ్యప్పిండి," అని తేల్చేసింది. ఎప్పుడొచ్చినా కళ్ళజోడు మరిచిపోతుంది. మతిమరుపు మనిషి.

కాయని డాబా మీదికి చేర్చాం. "రా అన్నియ్యా, నీ సెయ్యి పడాల కాదేటి," అంది సరసు, పెదవి చివర నవ్వుతూ. నా చెయ్యి ఇప్పుడు కాఫీ గ్లాసు పట్టుకున్నా వణుకుతుంది. కత్తి ఎత్తాను, వేశాను. బూడిద మీద కత్తి జారింది, కాయ దొర్లుకుంటూ పోయి నీళ్ళ ట్యాంకు కింద దాక్కుంది. తొక్క మీద గీత మాత్రం పడింది. మగచెయ్యి పడ్డట్టే. సరసు కాయని వెనక్కి తెచ్చి, రెండు పాదాల మధ్య ఇరికించి, ఒక్క వేటు వేసింది. నేను మొదటి పేరాలో ఎలా రాశానో అలా, రెండు చెక్కలు. ఈ వయసులో ఆ ఒడుపు ఎక్కణ్ణించి వచ్చిందో నేను అడగలేదు. అడగవలసింది. మా ఆవిడకి నా పాత ప్రతాపం చెప్పుకునే పనిలో ఉన్నాను.

"వీధంతానా?" అంది సరసు ముక్కలు తరుగుతూ. "మనిల్లు, ఎదురింటి మావుసీ ఇల్లు, ఆ మూల ముసల్దాని ఇల్లు. అంతే వదినా. ఇంకెవులింటికీ ఎల్లనేదు వీడు."

సరే, మూడిళ్ళే. ఒక్క వేటు మాట కూడా ఒప్పుకుంటాను. నా వేటుకి గాటు పడేది, కత్తి అందులో ఇరుక్కునేది. మామ్మ రోకలి తెచ్చి కత్తి వీపు మీద మోదితే అప్పుడు కాయ విడిపోయేది. బెల్లంముక్క మాత్రం నిజం.

మా నాన్న కొండల మీద ఒక చిన్న ఊళ్ళో బడిపంతులు. అక్కడి జ్వరాలకి భయపడి, ఆయనా అమ్మా మమ్మల్నిద్దరినీ దిగపహండిలో మామ్మ దగ్గర, అంటే నాన్న తల్లి దగ్గర, ఉంచారు. మామ్మ లెక్కలో ఏడాదికి రెండే కాలాలు, దాచే కాలం, తీసే కాలం. ఇంటి వెనక చీకటి గది ఒకటి ఉండేది. దాని వాసాలకి తాటినార ఉట్లలో ఎర్ర గుమ్మడిపళ్ళు వేలాడేవి, ఆ గదిలో ఎవరైనా తలవంచే నడవాలి. పెద్ద గూనల్లో ఉప్పు చల్లిన కొత్త చింతపండు. ఎర్రమన్ను పట్టించిన కందులు. పురుగు పట్టకుండా బూడిద కలిపిన ఉలవలు. వేసవిలో ఎండబెట్టిన మామిడి ఒరుగులు, వీటినే ఎదురింటి ఒడియా ఆవిడ ఆంబుల అనేది. ఆవిణ్ణి మేం మావుసీ అని పిలిచేవాళ్ళం, పిన్నమ్మ అన్నమాట. తలుపు తీస్తే ముందు చింతపండు పులుపు ముక్కుని కొట్టేది, తరవాత ఇంగువ, అన్నిటికీ వెనకాల ఎండు నెత్తళ్ళ వాసన దొంగలా నక్కి ఉండేది.

ఆ నెత్తళ్ళు తెచ్చేది ఎర్రమ్మ. సముద్రం ఒడ్డున మార్కండి ఆవిడది. బరంపురం మీదుగా బస్సు మారి, చేపల బుట్టతో దిగేది. కార్తీకంలో ఒడియా ఇళ్ళలో చేప ముట్టరు కాబట్టి ఆ నెల పడ్డ చేపనంతా ఆవిడ వాళ్ళు ఇసకలో ఎండబెట్టేసేవారు. కొనేవాళ్ళు లేని నెలలో మామ్మ కొనేది, కొని పెరట్లో కుండకి మూతబిగించి దాచేది, మావుసీ ముక్కుకి అందకుండా. మావుసీకి అందకపోవడమేమిటి! నెలంతా తెలియనట్టే ఉండి, పున్నమి దాటి ఆంక్ష తీరిన మర్నాడు, అందరికంటే ముందు మా పెరటి గుమ్మంలో గిన్నెతో నిలబడేది. "ఇప్పుడు వాసనేస్తాంది అక్కా," అనేది. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకునేవారు.

అయితే ఎన్ని దాచినా మామ్మకి చలికాలమంటే గుమ్మడి వడియాలే. మిగిలినవి తిండి, ఇవి పరువు. కాయ చెక్కలయ్యాక ముక్కలు సన్నగా తరిగి, ఉప్పూ పసుపూ పట్టించి, మూటకట్టి, పైన పొత్రం పెట్టేది. తెల్లారేసరికి నీళ్ళన్నీ కిందికి దిగేవి. ఆ నీళ్ళు పారబొయ్యకుండా వాటితోనే మినప్పప్పు రుబ్బేది. పచ్చిమిరపకాయ, అల్లం, ఇంగువ కలిపి, పొద్దుపొడుపు ఎండకి పాత చీర పరిచి ఆవిడ వడియాలు పెడుతుంటే, కాకుల్ని తోలడం నా పని, పిండి గిన్నె అందించడం సరసు పని. మొదటి వడియం కాస్త పెద్దది పెట్టి, దానికి కుంకుమబొట్టు పెట్టి, గరికపోచలు గుచ్చేది. మావుసీ ఇంట్లోనూ అంతే, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలీదు. ఎండాక ఆ బొట్టు వడియాన్ని నేతిలో వేయించి, కాయ కోసిన చేతికే ఇచ్చేది. "ఇది కోసినోడిదే. ఇంకొకలికి పెట్టకూడదు," అనేది. నేను దాన్ని కరకరా నమలుతుంటే సరసు పక్కన నిలబడి నా నోరు చూసేది. నేనేమో ఇంకాస్త చప్పుడు చేస్తూ నమిలేవాణ్ణి.

ఒక వేసవిలో నాన్న వచ్చి, నన్ను బరంపురంలో హాస్టల్లో వేస్తానన్నాడు. మామ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. చేట ఆపకుండా, "గుంటణ్ణి అట్టుకెల్లిపోతే నాకు గుమ్మడికాయలు ఎవులు కోస్తార్రా?" అంది. తలుపు వెనక నేను మురిసిపోయాను. నాన్న విసుక్కున్నాడు. "గుమ్మడికాయల కోసం పిల్లల చదువు మాన్పిస్తామేంటమ్మా?" అన్నాడు. ఆ మాట మీద వాదన ఆగిపోయింది. నేను పోకతప్పలేదు. పోయే ముందు గొడ్లపాక గోడ పక్కన గుమ్మడి గింజలు నా చేత్తో నాటాను, నీళ్ళు పొయ్యమని సరసుకి ఒప్పజెప్పాను. బస్సెక్కించేటప్పుడు మామ్మ నా గడ్డం పట్టుకుని చెప్పిన మాట ఇప్పటికీ ఆవిడ గొంతుతోనే వినిపిస్తుంది.

"కార్తీకంలో కబురెడతాను. నీ సెయ్యి పడకపోతే నాకు వొడియాలు నేవు, సలికాలం నేదు. వొచ్చి కోసి ఎల్దువు గాని."

ఆ మాట నమ్మి వెళ్ళాను. సరసు నా వెనక వీధి చివరిదాకా వచ్చింది. అది కూడా అప్పటికి మా వీధి బడికి వెళ్తుండేది, ఆ ఏడే మానేసింది. దానికి చదువు అబ్బలేదు. ఇంటిపని మీదే మక్కువ అని మామ్మ చెప్పేది.

హాస్టల్లో అన్నం ఉడికీ ఉడకనట్టు ఉండేది, పులుసు నీళ్ళలా ఉండేది. అవన్నీ ఓర్చుకున్నాను, ఎందుకంటే నా బుర్రలో ఒక పాదు పాకుతుండేది. ఇప్పుడు పూత పడుంటుంది, ఇప్పుడు పిందె, ఇప్పుడు నూగు కట్టుంటుంది, ఇప్పుడు బూడిద. తోటి పిల్లలకి చెప్పేశాను కూడా, కార్తీకంలో నేను ఊరెళ్ళకపోతే మా ఊళ్ళో ఒక్క ఇంట్లోనూ వడియాలుండవని. వాళ్ళు నాకు గుమ్మడికాయ అని పేరు పెట్టారు. "పెట్టె సర్దుకో గుమ్మడికాయా, మీ మామ్మ బండి కట్టుకుని వస్తోంది," అని ఏడిపించేవారు. పెట్టె నిజంగానే సర్దుకున్నాను. ఆదివారం ఆదివారం గేటు దగ్గర నిలబడి దిగపహండి వైపు నుంచి వచ్చే ప్రతి బస్సునీ చూసేవాణ్ణి. కార్తీక పున్నమి వెళ్ళిపోయింది. కబురు లేదు. కాయలు కప్పు మీదే మురిగిపోతున్నాయేమో, మామ్మ నాన్నకి భయపడి పిలవడం లేదేమో అని ఆవిడ మీద జాలిపడ్డాను. నిజంగా జాలిపడ్డాను.

ఆ తరవాత ఒక మధ్యాహ్నం గేటు దగ్గర ఎర్రమ్మ నిలబడి ఉంది. దిగపహండిలో నెత్తళ్ళు అమ్ముకుని మార్కండికి తిరిగిపోతూ, దారిలో నా కోసం ఆగింది. ఖాళీ బుట్టలో మూతబిగించిన రేకు డబ్బా.

"మీ మామ్మ ఇచ్చింది బాబూ. ఈ ఏడు వొడియాలు మల్లిమొగ్గల్లాగ వొచ్చినాయి, సూడు," అంది.

మూత తీశాను. ఇంగువ వాసన గుప్పుమంది. ఎప్పటిలాగే వచ్చాయి. ఎప్పటికంటే బాగా వచ్చాయి.

"ఎవరు కోశారు?" అన్నాను.

"ఏటి కోసినారు?"

"కాయలు! గుమ్మడికాయలు ఎవరు కోశారు?"

"నానేటి సూసినానా? సేపలమ్ముకుందుకు ఎల్లినాను గాని, కాయలు కొయ్యడం సూద్దుకు ఎల్లినానేటి?" అని, నా ముఖం చూసి కొంచెం తగ్గి, "తిను బాబూ, సిక్కిపోనావు," అని నా తల నిమిరి వెళ్ళిపోయింది. ఆవిడ చేతి నీచువాసన నా జుట్టులో రాత్రిదాకా ఉంది.

ఆ డబ్బాని తీసుకెళ్ళి హాస్టలు వెనక కుక్కలకి బోర్లించేశాను. ఈ మాట ఇన్నేళ్ళూ అందరికీ ఇలాగే చెప్పాను. పౌరుషం అంటే అలా ఉండాలని మా పిల్లలకి కూడా చెప్పాను. అబద్ధం. కుక్కలకి వాసన కూడా తగలనివ్వలేదు. మంచం కింద దాచుకుని, దుప్పటి ముసుగులో, వేయించకుండా పచ్చివే ఒక్కొక్కటీ బుగ్గన పెట్టుకుని నానబెట్టుకు తిన్నాను. ఉప్పగా, మినప్పిండి వగరుగా ఉండేవి. డబ్బా అడుగుదాకా వెతికాను. బొట్టు వడియం లేదు. అంటే దాన్ని ఎవరో తిన్నారు. అంటే ఎవరో కోశారు. మామ్మ నా చోట ఇంకో చెయ్యి పెట్టేసుకుని, నాకు ఒక్క మాటైనా చెప్పకుండా, ఆ చెయ్యి కోసిన వడియాలే నాకు పంపింది. అబద్ధమాడితే ఆడింది, ఆ అబద్ధాన్ని ఇంగువ వేసి మరీ పెట్టింది.

చలి సెలవులకి ఇంటికి వెళ్ళాను. వెళ్ళేసరికి వంటింట్లో వడియాల పులుసు మరుగుతోంది. మూల నా పాత నీలం చొక్కా పడి ఉంది, ఎండిన పిండి మరకలతో. నా చొక్కాని మసిగుడ్డ చేశారా అని దానికి కూడా కోపం వచ్చింది. కంచం ముందు కూర్చుని, చెయ్యి కలపకుండా, కాయలు ఎవరు కోశారని అడిగాను. మామ్మ నా వైపు చూడలేదు. పొయ్యిలో పుల్ల ముందుకి తోసింది.

"ఎర్రమ్మ మనవడొచ్చినాడు. ఆడి సెయ్యట్టుకొని ఏయించినాను."

"వాడెంత?"

"ఉయ్యాల్లో గుంటడు."

"వాడికి నడకైనా రాదు కదా!"

"నడకెందుకురా? మగసెయ్యి కాదేటి? కూడు తిను."

గరిటెతో నిలబడ్డ సరసు గరిటె అక్కడ పడేసి పెరట్లోకి పరుగెత్తింది. నవ్వు ఆపుకోలేక పోయిందనుకున్నాను. అప్పటి నా అవమానం చెప్పనలవి కాదు. ఊరికి నేను లేకపోతే చలికాలం లేదనుకుంటే, నా చోటు నింపడానికి ముక్కు కారే చంటివాడు సరిపోయాడు. నన్ను ఉంచుకోవడానికి నాన్నతో వాదించిందనుకున్న మామ్మకి కావలసింది నేను కాదు, నా చెయ్యి. అది కూడా నాదే కానక్కర్లేదు. ఆ తరవాత ఎన్నో కార్తీకాలు ఇంటికి వెళ్ళాను. కత్తి నా చేతికివ్వబోతే, "ఉయ్యాల్లో ఎవడైనా ఉంటే వాడికియ్యి," అనేవాణ్ణి. మామ్మ కత్తి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది. ఆవిడ పోయేదాకా నేను ఆ మాట మానలేదు.

ఆ కబురు నా జీవితానికి పనికొచ్చిందనే చెప్పాలి. ఆఫీసులో నన్ను సాగనంపిన రోజు, "మీరు లేకపోతే ఈ సెక్షను ఎలా నడుస్తుందండీ," అని అందరూ దండలు వేస్తుంటే, నా కళ్ళు గది మూలల్లో ఉయ్యాల కోసం వెతికాయి. వారంలోపే ఒకడు నా కుర్చీలో కూర్చున్నాడని తెలిసి హాయిగా నవ్వుకున్నాను. ఇప్పుడు మా వీధిలో ఎవరి ఇంట్లోనూ చీకటి గది లేదు, దాచే కాలమూ లేదు, తీసే కాలమే. ఫోనులో వేలు పెడితే గుమ్మానికి వస్తుంది, వడియమైనా, చేపైనా, కార్తీకమైనా, మాఘమైనా. ఒకళ్ళ చేతి కోసం ఇంకొకళ్ళు కాచుక్కూర్చునే పని లేదు. ఎవరూ ఎవరికీ మాటిచ్చి తప్పక్కర్లేదు. అదొక సుఖమే. కాకపోతే ఆ సుఖానికి వాసన లేదు.

ఇక్కడికి రాసి, డాబా మీద వడియాలు తిరగేస్తున్న సరసు దగ్గరికి కాయితాలు పట్టుకెళ్ళాను. అవి ఎండేదాకా ఉంటానని ఆగిపోయింది. మొదటినుంచీ చదివి వినిపించాను. సన్యాసుల దగ్గర నవ్వింది, మావుసీ దగ్గర నవ్వింది, పచ్చి వడియాల దగ్గర "సిగ్గునేదు," అంది. ఎర్రమ్మ మనవడి దగ్గర దాని చెయ్యి ఆగింది.

"గుంటడెవుడు?"

"అదే, ఎర్రమ్మ మనవడు."

"గుంటడు నేడు, గింటడు నేడు. ఎర్రమ్మకి అప్పటికి మనవలెక్కడ? నానే కోసినాను."

"నువ్వా?"

"నీ నీలం సొక్కా తొడిగింది నాకు. జడ లోపలికి తోసీసింది. ఆడపిల్ల కొయ్యకూడదు కాదేటి మామ్మా అంటే, 'గుమ్మడికాయకి కళ్ళేటి? సొక్కానే సూస్తాది, నరుకు,' అంది. నీకు సెప్పొద్దంది, పెద్దకొడుక్కి కీడని బెంగెట్టుకుంతావని. మూడిళ్ళకీ నానే ఎల్లినాను, సొక్కా ఏసుకొని."

నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ కోపం ఒక చొక్కా మీదా అనుకున్నాను. "అయితే నా బొట్టు వడియం తిన్న దొంగవి నువ్వన్నమాట," అన్నాను.

సరసు నవ్వలేదు. "వేయించి సేతిలో ఎట్టింది. నాకిది వొద్దు మామ్మా, బడికి పంపీ అన్నాను. 'ముందు తిను, సల్లారిపోద్ది,' అంది."

కింద వీధిలో ఏదో బండి హారను కొట్టుకుంటూ పోయింది. సరసు ఒక వడియం తిరగేసి, మళ్ళీ దాన్నే తిరగేసింది.

"నాకు సదువు అబ్బనేదని సదివినావు కాదేటి, ఇందాక."

పెన్ను తీసి ఆ ముక్క కొట్టెయ్యబోయాను.

"కొట్టీకు. కొట్టీస్తే నువ్వలగన్నావని ఎవులికి తెలుస్తాది? ఉండనీ. ఆకర్న నాను సెప్పింది రాయి. సరసు బడి మాననేదు. మాన్పించీసినారు. గుమ్మడికాయలు కొయ్యడానికి మనిసి నేక." నేను రాసేదాకా ఆగింది. "రాసినావా?"

"రాశాను."

కళ్ళజోడు మాట ఈసారి ఎత్తలేదు.

"ఏదీ, సదువు. రాసినావో నేదో నాకేటి తెలుస్తాది."